రొయ్య పెంకు నుంచి నరాల దారి దాకా: కైటోసాన్ స్కాఫోల్డ్ చేసే పద్ధతి

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే నన్నడిగే మాట ఒకటుంది: "అక్కా, ఆ ప్రొటోకాల్ మెయిల్ చేస్తారా?" చేస్తాను. వెన్నుపాము గాయంలో పెట్టే కైటోసాన్ స్కాఫోల్డ్, అంటే నరాల పోగులు పాకడానికి ఆసరా ఇచ్చే చిన్న ముక్క, తయారుచేసే పద్ధతి అది. రెండు పేజీలుంటుంది. దాన్ని మాత్రమే పట్టుకుని చేస్తే మొదటి మూడు నాలుగు బ్యాచ్‌లు చెత్తబుట్టలోకి పోతాయి. నావైతే పదకొండు పోయాయి. ఆ రెండు పేజీల్లో రాయనివి, చేత్తో చేస్తే గానీ తెలియనివి ఇక్కడ రాస్తున్నాను. బయోమెటీరియల్స్ చదివే పిల్లల కోసమే ఇది. అయితే ఇంట్లో వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఉండి, "తెగిన వెన్నుపాముకు వంతెన" అనే వార్త చూసి ఆశపడినవాళ్లు కూడా చదవొచ్చు. మా ఇంట్లోనూ అలాంటి మనిషి ఉన్నాడు.

మా చిన్న మావయ్యది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కొబ్బరి దింపు తీసేవాడు. 2011 వేసవిలో చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస నలిగి లోపలి వెన్నుపామును నొక్కేసింది. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా బాగోగులు అయ్యాక ఒకటే అడుగుతాడు: "నీ వంతెన ఎంతదాకా వచ్చిందే పిల్లా?"

మంచు చేసే పని

చేతిలోనో కాలిలోనో నరం తెగితే అది మళ్లీ పెరగగలదు, రోజుకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున. వెన్నుపాములో తెగిన నరాల పోగు అలా పెరగదు. స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ వందేళ్ల కిందటే మైక్రోస్కోపులో చూసి ఈ సంగతి రాశాడు. తెగిన కొన చిగురు వేస్తుంది, కొద్ది దూరం పోతుంది, ఆగిపోతుంది. మరి లోపం పోగులో ఉందా, దాని చుట్టూ ఉన్న చోటులో ఉందా? 1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుక కాలి నరం ముక్క తీసి, మెదడు కింది భాగానికీ వెన్నుపాముకీ మధ్య వంతెనలా కుట్టారు. మామూలుగా మొరాయించే పోగులే ఆ ముక్కలో దాదాపు మూడు సెంటీమీటర్లు పాకాయి. అవతలి ఒడ్డున తిరిగి వెన్నుపాములో దిగగానే, కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. ఈ కథలో రెండు సగాలూ గుర్తుంచుకోండి. మొదటి సగం ఉంది కాబట్టి మాకు పని ఉంది. రెండో సగం ఉంది కాబట్టి మావయ్యకు ఇంకా జవాబు లేదు.

దెబ్బ తగిలిన చోట కొన్ని వారాలకు గుల్ల ఏర్పడి నీరు నిండుతుంది. చుట్టూ మచ్చ గట్టిపడుతుంది. పాకడానికి పందిరి లేని సొరపాదు లాంటిది అక్కడి పోగు పరిస్థితి. మనం వేసే పందిరే స్కాఫోల్డ్. గిన్నెలు తోమే స్పాంజి లాంటిది పెడితే పోగులు లోపలికి వెళ్తాయి గానీ ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరుగుతాయి. తల వైపు నుంచి కాళ్ల వైపుకు, ఒకే దిక్కుగా, సన్నటి గొట్టాలుండాలి. శాన్ డియెగోలో ఇలాంటి గొట్టాలున్న ముక్కను త్రీడీ ప్రింటర్ మీద తీశారు. ఎలుకకు సరిపోయే రెండు మిల్లీమీటర్ల ముక్కకు 1.6 సెకన్లు పట్టిందని 2019లో ప్రకటించారు. మా దగ్గర ఆ ప్రింటర్ లేదు. మంచు ఉంది.

చిన్నప్పుడు పుల్లైసు తిన్నవాళ్లకు ఈ పద్ధతి సగం తెలిసినట్టే. ఐసును గట్టిగా పీలిస్తే ఎర్రటి తీపి అంతా నోట్లోకి వచ్చి, పుల్లకి తెల్లటి మంచు సూదులు మిగులుతాయి కదా. నీరు గడ్డకట్టేటప్పుడు తనలో కలిసిన వాటిని పక్కకు నెట్టేస్తుంది. రంగూ చక్కెరా మంచు సూదుల మధ్య సందుల్లో చేరతాయి. మనం ఇక్కడ దానికి తిరగేసి చేస్తాం. మంచును తీసేసి, సందుల్లో చేరినదాన్ని ఉంచుకుంటాం. మంచు సూదులున్న చోట గొట్టాలు మిగులుతాయి. ఒక్క వైపు నుంచే చల్లబరిస్తే సూదులన్నీ ఒకే దిక్కుగా పెరుగుతాయి. స్కాఫోల్డ్ దిక్కు తేలిపోయేది ఆ పది నిమిషాల్లోనే. ముందు చేసే పని దానికి ఏర్పాటు, తర్వాత చేసే పని దాన్ని చెడకుండా కాపాడుకోవడం.

పొడి కొనేటప్పుడు

కైటోసాన్ రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు. పెంకులోని కైటిన్ అనే గట్టి పదార్థాన్ని క్షారంలో ఉడికించి, దాని అణువులకు అంటుకున్న ఎసిటైల్ గుంపుల్ని చాలావరకు తొలగిస్తే కైటోసాన్ వస్తుంది. మా నాన్నకు భీమవరం అవతల రెండెకరాల రొయ్యల చెరువు ఉండేది. తలకాయలూ పెంకులూ కుప్పపోస్తే ఆ వాసనకు ఊళ్లో బస్సు ఆగేది కాదని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ పెంకు పొడినే ఇప్పుడు గ్రాముల లెక్కన కొంటున్నాను.

డబ్బా మీది "ప్యూర్" అన్న మాట చూసి కొనకండి. ఆ బ్యాచ్ సర్టిఫికెట్ తెప్పించుకుని రెండు అంకెలు చూడండి. ఒకటి, డీఎసిటైలేషన్ శాతం, అంటే ఆ ఎసిటైల్ గుంపులు ఎంత శాతం తొలగాయన్నది. ఇది ఎక్కువైతే కణాలు బాగా అంటుకుంటాయి, ఒంట్లో నెమ్మదిగా కరుగుతుంది. తక్కువైతే ఒంట్లో ఉండే లైసోజైమ్ అనే ఎంజైమ్ త్వరగా తినేస్తుంది. నేను 85కు తగ్గకుండా చూసుకుంటాను. రెండోది అణుభారం, లేదా దానికి బదులు ఇచ్చే చిక్కదనం అంకె. మధ్యరకం తీసుకోండి. మరీ ఎక్కువదైతే బుడగలు పోవు, మరీ తక్కువదైతే ఆరాక ముట్టుకుంటే పొడైపోతుంది. ఒక పనికి ఒకే బ్యాచ్ డబ్బా వాడండి. మధ్యలో డబ్బా మారిస్తే పాత ఫలితాలతో పోల్చడం కుదరదు.

ద్రావణం

వంద మి.లీ. నీటికి ఒక మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, అందులో రెండు గ్రాముల కైటోసాన్. ఆమ్లం ఎందుకంటే మామూలు నీళ్లలో ఇది కరగదు. పీహెచ్ ఆరుకు పైన ఉంటే అడుగున ఇసుకలా కూర్చుంటుంది. పొడిని ఒకేసారి పోయకండి. ఉప్మాలో రవ్వ పోసినట్టు, తిరుగుతున్న నీళ్లలో కొద్దికొద్దిగా జల్లాలి. లేకపోతే ఉండలు కడతాయి. పైన జెల్లీలా, లోపల పొడిపొడిగా ఉండే ఆ ఉండలు రాత్రంతా తిప్పినా విడిపోవు.

రాత్రంతా తిప్పాక పొద్దున్నకి ఆముదంలా ఉండాలి: కొంచెం పసుపు, చిక్కన, తేటగా. సన్నటి నైలాన్ జల్లెడలో వడకట్టండి, కరగని పెంకు నలుసులు మిగులుతాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు. ఇది బుడగల కోసం. బుడగ ఉన్న చోట మంచు సూది పక్కకు తిరుగుతుంది, గొట్టం అక్కడితో ఆగుతుంది. కంటికి కనిపించే బుడగ ఒక్కటి ఉన్నా ఆ అచ్చు పక్కన పెట్టేయండి.

అచ్చు, గడ్డకట్టించడం

అచ్చుకు టెఫ్లాన్ దిమ్మె తీసుకుని నిలువుగా రంధ్రాలు వేయించుకోండి. మేం బాలానగర్‌లో లేత్ పని చేసే షాపులో చేయించాం. ఆయన "ఇంత చిన్న చిల్లులు దేనికమ్మా, ఇడియాప్పం చేస్తారా?" అన్నాడు. టెఫ్లాన్ చలిని తేలిగ్గా పోనివ్వదు, అందుకే పక్కల నుంచి చలి రాదు. అడుగున మాత్రం రాగి పళ్లెం. రాగి చలిని వెంటనే లాగుతుంది. అంటే చలికి ఒకటే తలుపు, అది కింద. దిమ్మె చుట్టూ థర్మోకోల్ కట్టండి. పైన మూత పెట్టకండి, గది గాలికి వెచ్చగానే ఉండాలి.

రంధ్రం కొలత దగ్గర అందరూ ఒకే తప్పు చేస్తారు. ఎలుక వెన్నుపాము నడిమి భాగం వెడల్పు మూడు మి.మీ. లెక్కన, మూడు మి.మీ. రంధ్రం వేయిస్తారు. కానీ స్కాఫోల్డ్ ఆరేటప్పుడు ఒకలా, క్షారంలో వేస్తే ఒకలా, సెలైన్‌లో నానితే ఇంకోలా మారుతుంది. తడిసి స్థిరపడ్డాక ఉన్న కొలతే కొలత. మూడు నాలుగు సైజుల రంధ్రాలు వేయించి, చివరి దాకా చేసి, అప్పుడు కొలిచి సరిపోయినదాన్ని ఎంచుకోండి. బిగుతుగా ఉన్న ముక్కను తోస్తే బతికున్న కణజాలమే నలుగుతుంది. వదులైతే సందులో మచ్చ పెరుగుతుంది.

రాగి పళ్లేనికి కింద రాగి కడ్డీ, ఆ కడ్డీ చివర ద్రవ నైట్రోజన్‌లో. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. పళ్లెం నేరుగా అంత చల్లబడితే సూదులు మరీ సన్నగా వస్తాయి, కణాలు దూరలేవు. కడ్డీని ఎంత లోతుగా ముంచుతామన్నదాన్ని బట్టి పళ్లెం చలి మారుతుంది. మా అమరికలో పళ్లేన్ని మైనస్ 60 దగ్గర నిలిపితే, పదిహేను మి.మీ. ఎత్తున్న ద్రావణం గడ్డకట్టడానికి పది నిమిషాలు పడుతుంది, గొట్టాలు 30 నుంచి 80 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య వస్తాయి. త్వరగా చల్లబరిస్తే సన్నవి, నెమ్మదిగా చల్లబరిస్తే వెడల్పువి. ఈ సూత్రం ఎక్కడైనా ఒకటే. అంకెలు మాత్రం మీ కడ్డీవి మీరే కనుక్కోవాలి.

పళ్లెం చల్లబడ్డాకే ద్రావణం పోసిన అచ్చు దాని మీద పెట్టండి. ముందే పెట్టి తర్వాత చల్లబరిస్తే మొదటి మంచు ఎప్పుడు ఎక్కడ పుడుతుందో మన చేతిలో ఉండదు. పెట్టాక అచ్చును ముట్టుకోవద్దు, ఫోన్ చూసుకోవద్దు. తెల్లటి గీత కింది నుంచి పైకి ఎక్కడం టార్చిలైటులో కనిపిస్తుంది. నాకిప్పటికీ ఈ మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే.

నైట్రోజన్ విషయంలో మాత్రం సరదా వద్దు. తలుపులు మూసిన చిన్న గదిలో అది ఆవిరైతే గాలిలో ఆక్సిజన్ తగ్గి మనిషి కూలిపోతాడు, వాసన కూడా రాదు. కిటికీలు తీయండి, ముఖానికి షీల్డ్ పెట్టుకోండి, చలి గ్లోవ్స్ వదులుగా ఉన్నవే వాడండి, ఒంటరిగా చేయకండి. చెప్పులేసుకొచ్చిన పిల్లల్ని నేను ఆ గదిలోకి రానివ్వను.

ఆరబెట్టడం, కరెంటు సంగతి

గడ్డకట్టిన దిమ్మెను ఆలస్యం చేయకుండా ఫ్రీజ్ డ్రయర్‌లోకి. ఇక్కడ మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరై పోతుంది. అందుకు వ్యాక్యూమ్ లోతుగా ఉండాలి, 0.1 మిల్లీబార్ కిందికి. మాకు 48 గంటలు పడుతుంది. ఎసిటిక్ ఆమ్లం ఆవిరి పంపులోకి పోయి నూనెను పాడు చేస్తుంది. రెండు మూడు రన్‌లకోసారి నూనె రంగు చూడండి. టీ డికాషన్ రంగులోకి వస్తే మార్చాల్సిందే.

ముప్పై గంటల దగ్గర కరెంటు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. నేను పని నేర్చుకున్న చోట రాత్రి రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది, కానీ ఆ నిమిషం గ్యాప్‌లో పంపు ఆగి, తిరిగి దానంతటది మొదలవలేదు. పొద్దున్న తెరిస్తే పైపైన తెల్లగా బాగానే ఉన్నాయి. అడ్డంగా కోసి చూస్తే నడుమ అంతా గాజులా గట్టిగా, ఒక్క గొట్టం లేదు. మంచు కరిగి గోడలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. బయటికి బాగున్నాయని అవే వాడేసి ఉంటే మూడు నెలలు పోయేవి. అప్పటి నుంచి ప్రతి రన్‌లోంచి ఒక ముక్కను బలిస్తాను, మధ్యకి కోసి చూడ్డానికి. పంపుకు యూపీఎస్ అడగండి. ఇవ్వకపోతే ఆ రాత్రి అక్కడే పడుకోండి.

అసలు తిప్పలు ఇక్కడ

ఆరిన ముక్క చేతికి బరువే తెలియదు, మరమరం అంత తేలిక. చూసి మురిసిపోతారు. నేనూ మురిసిపోయి, మొదటిసారి దాన్ని నేరుగా కణాలు పెంచే మీడియంలో వేశాను. ఎర్రటి మీడియం నా కళ్లముందే పసుపు అయింది. ముక్క జిగురైపోయి అడుగున చీమిడిలా మిగిలింది. ఎందుకంటే అది ఇంకా ఎసిటిక్ ఆమ్లంతో కూడిన ఉప్పు రూపంలోనే ఉంది, నీళ్లు తగిలితే కరుగుతుంది. మీడియం పసుపు అవడం ఆ ఆమ్లం చేసిన పనే.

కాబట్టి ముందు ఆమ్లాన్ని చంపాలి. నీళ్లలో కలిపిన క్షారంలో వేస్తే క్షారం పని చేసేలోపే నీళ్లు గోడల్ని ముడిచేస్తాయి. అందుకే ఆల్కహాల్‌లో చేస్తాం: 80 శాతం ఇథనాల్‌లో ఒక శాతం సోడియం హైడ్రాక్సైడ్, గంట సేపు. ముక్కలు తేలుతుంటాయి, ఎందుకంటే గొట్టాల్లో గాలి ఉంది. తేలుతున్న ముక్కకు లోపల క్షారం అందదు. డెసికేటర్ అనే, గాలి లాగేయడానికి వీలున్న చిన్న మూత పాత్రలో పెట్టి వ్యాక్యూమ్ లాగి వదలండి, బుడబుడమని గాలి పోయి మునుగుతాయి. అన్నీ మునిగాకే గంట లెక్క మొదలు.

తర్వాత 80, 70, 50, 30 శాతం ఇథనాల్, చివరికి నీళ్లు. మెట్టు మెట్టుగా దించాలి. ఒక్కసారి దూకిస్తే కుంచించుకుపోతుంది. నీళ్లు మార్చిన ప్రతిసారీ పీహెచ్ కాగితం పెట్టి చూడండి, మామూలు స్థాయికి వచ్చేదాకా ఆగకండి. నాకు ఏడెనిమిది సార్లు పడుతుంది. లోపల దాక్కున్న క్షారం రెండో రోజు బయటికొచ్చి కణాల్ని చంపిన సందర్భం ఉంది, అందుకే ఒక రాత్రి నీళ్లలో ఉంచి పొద్దున్న మళ్లీ చూస్తాను.

ఇంకా గట్టిదనం కావాలంటే జెనిపిన్ వాడొచ్చు. గార్డీనియా కాయ నుంచి వచ్చే పదార్థం ఇది. కైటోసాన్‌తో కలిస్తే ముక్క నీలంగా మారుతుంది, చూడ్డానికి నీలిమందు గుడ్డలా ఉంటుంది. అందం బాగానే ఉంది గానీ, ఫ్లోరసెంట్ మైక్రోస్కోపు కింద అదే ఎర్రగా వెలుగుతుంది. నరాన్ని గుర్తుపట్టడానికి ఎర్ర రంగు యాంటీబాడీ వాడారంటే ఏది నరం, ఏది గోడ అని తల పట్టుకుంటారు. వెన్నుపాము మెత్తన, గట్టిదనం కొలతలో కొన్ని కిలోపాస్కల్ స్థాయిది. దాని పక్కన రాయి పెట్టడం దేనికి? నేను జెనిపిన్ మానేశాను.

దిక్కు ఉందా లేదా

కోయడానికి ప్రతిసారీ కొత్త బ్లేడు. రంపంలా కోయకుండా ఒక్క దెబ్బకు దించాలి. అడుగున రాగికి ఆనుకున్న మొదటి రెండు మిల్లీమీటర్లు పారేయండి. అక్కడ మంచు ఇంకా దిక్కు తేల్చుకోక గజిబిజిగా ఉంటుంది. పై కొన కూడా తీసేయాలి, గాలి తగిలిన చోట పొర కట్టి గొట్టాల మూతులు మూసుకుపోతాయి. మధ్య భాగమే మనది. అందులోనూ కిందికంటే పైన గొట్టాలు కాస్త వెడల్పు. ఏ కొన కిందిదో తెలియడానికి ఒక వైపు బ్లేడుతో చిన్న గాటు పెట్టుకోండి. పెసరగింజంత ముక్క డబ్బాలో ఒకసారి దొర్లిందంటే ఇక ఎవరికీ తెలియదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పరిగెత్తే ముందు సిరా పరీక్ష చేయండి. తడి ముక్క కింది కొనకు ఇయోసిన్ అనే ఎర్ర రంగు చుక్క తగిలించండి. నిలువు గీతల్లా పైకి పాకితే దిక్కు ఉన్నట్టు. మచ్చలా పక్కలకు వ్యాపిస్తే లేనట్టు. ఖర్చు ఏమీ లేదు, నిమిషంలో తేలుతుంది. సగం బ్యాచ్‌లను నేను ఇక్కడే ఆపేస్తాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మ పేపర్లో వేసుకోవడానికి బాగుంటుంది, కానీ అది ఎండు ముక్క బొమ్మ. పోగు పాకేది తడి ముక్కలో. కన్‌ఫోకల్ మైక్రోస్కోపులో తడిగా ఉన్నప్పటి గొట్టం వెడల్పు కూడా కొలిచి రాసుకోండి.

నరం ఇష్టపడుతుందా

కైటోసాన్ గోడకు నరాల కణాలు కొంతవరకు అంటుకుంటాయి. లామినిన్ అనే ప్రొటీన్ పూస్తే ఇంకా బాగా పాకుతాయి. లామినిన్‌ను ఫ్రిజ్‌లోనే నెమ్మదిగా కరిగించాలి. చేతి వేడికి కరిగిస్తే వయల్‌లోనే జెల్ అయిపోతుంది. ఆ వయల్ ధర తెలిశాక ఎవరూ రెండోసారి అలా చేయరు. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు, రాత్రంతా, నాలుగు డిగ్రీల్లో.

పరీక్షకు ఎనిమిది రోజుల కోడి పిండం వెన్ను పక్కనుండే నరాల కణాల ముద్ద, డోర్సల్ రూట్ గ్యాంగ్లియాన్, వాడతాం. ఆవగింజ కన్నా చిన్నది. దాన్ని గొట్టాల మూతి దగ్గర ఉంచి, మి.లీ.కు 50 నానోగ్రాముల ఎన్‌జీఎఫ్ (నరాల్ని పెంచే ప్రొటీన్) ఇస్తే నాలుగైదు రోజుల్లో పోగులు బయటికొస్తాయి. నరాల పోగుల్లో ఉండే బీటా త్రీ ట్యూబులిన్ అనే ప్రొటీన్‌కు రంగు వేసి చూడాలి. పక్కనే ఇంకో స్కాఫోల్డ్ పెట్టడం మర్చిపోవద్దు: అదే ద్రావణం, అదే క్షారం, కాకపోతే మామూలు డీప్ ఫ్రిజ్‌లో దిక్కు లేకుండా గడ్డకట్టింది. అది లేకుండా "మా గొట్టాలు పని చేశాయి" అని చెప్పడానికి వీల్లేదు.

ఒక మాట. ఈ గ్యాంగ్లియాన్ పోగులు వెన్నుపాముకు బయట, ఒంట్లో ఉండే నరాలవి, అవి దాదాపు ఎక్కడైనా పెరుగుతాయి. వెన్నుపాము పోగులు అంత ఉదారమైనవి కావు. ఈ పరీక్షలో తప్పినది ఇక పనికిరాదు. నెగ్గినంత మాత్రాన పనికొస్తుందనీ కాదు.

శుద్ధి చేయడానికి ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) వాడితే కైటోసాన్ పసుపెక్కి బలం తగ్గుతుంది. కణాల పనికి 70 శాతం ఇథనాల్ చాలు. జంతువుల దాకా వెళ్తే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, తర్వాత గాలి బాగా ఆడనివ్వాలి. శుద్ధి అంటే క్రిములు చావడమే కాదు, చచ్చిన క్రిముల గోడ ముక్కలు కూడా ఉండకూడదు. వీటినే ఎండోటాక్సిన్ అంటారు. మామూలు వైద్య పరికరానికి అమెరికా ప్రమాణం 20 యూనిట్లయితే, వెన్నుపాము చుట్టూ ఉండే నీటికి తగిలేదానికి 2.15 మాత్రమే. దీన్ని హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి నీలి రక్తంతో పరీక్షిస్తాం. రొయ్య పెంకుతో చేసినదాన్ని క్రాబ్ రక్తంతో చూస్తామని చెబితే మా నాన్న "అది ల్యాబా, చేపల మార్కెట్టా?" అన్నాడు.

ఎలుకల దగ్గరికి

ఇక్కడ నేను అంచెలంచెలుగా రాయను. జంతువుల నైతిక కమిటీ అనుమతి, శిక్షణ పొందిన సర్జన్, పశువైద్యుడు లేకుండా ఇది చేసే పని కాదు. రాయాల్సింది ఒక్కటి ఉంది, ఎందుకంటే ప్రొటోకాల్‌లో ఇది ఒక్క లైను. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుక తనంతట తాను మూత్రం పోయలేదు. రోజుకు రెండు మూడు సార్లు, ఆదివారమైనా దీపావళైనా, పొట్ట మీద వేళ్లతో మెల్లగా నొక్కి ఖాళీ చేయించాలి. లేకపోతే ఇన్ఫెక్షన్ వచ్చి చస్తుంది. మొదటిసారి నేను అలా చేస్తున్నప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. పాలకొల్లులో ఆమె ఏళ్ల తరబడి మావయ్యకు కాథెటర్ గొట్టం మార్చింది. "నడక సంగతి తర్వాత, మూత్రం సంగతి చూడండి ముందు" అని ఆమె డాక్టర్లతో పోట్లాడేది. మీ ఫలితాల పట్టికలో కాళ్ల కదలిక ఒక్కటే కాకుండా, మూత్రాశయం ఎన్నో రోజున తనంతట తాను పని చేసిందో కూడా రాసుకోండి. దెబ్బతిన్నవాళ్లు ముందు అడిగేది చాలాసార్లు అదే.

స్కాఫోల్డ్ లోపల పోగులు కనిపించగానే సంబరపడకండి. అవి అవతలి కొన దాటి వెన్నుపాములోకి ఎంత దూరం వెళ్లాయో కొలవండి. 1981 నాటి రెండో సగం అది. ఒడ్డున మచ్చ, అందులో కాండ్రాయిటిన్ సల్ఫేట్ ప్రొటియోగ్లైకాన్లు, పోగుల చుట్టూ ఉండే మైలిన్ పొరలో నోగో అనే ప్రొటీన్ లాంటి అడ్డంకులు. అందుకే కైటోసాన్ ఒక్కదానితో సరిపెట్టకుండా అందులో ఎన్‌టీ3 అనే పెరుగుదల ప్రొటీన్ నింపి చైనా శాస్త్రవేత్తలు ఎలుకల్లో, తర్వాత 2018లో కోతుల్లో ఒక సెంటీమీటరు ఖాళీ మీద పని చేసి చూపించారు. మా తరవాతి మెట్టు కూడా అలాంటిదే.

మావయ్యకు ఏం చెప్పాను

మనుషుల్లో ఇది ప్రయత్నించారా అంటే, ప్రయత్నించారు. అమెరికాలో ఇన్‌వివో థెరప్యూటిక్స్ అనే కంపెనీ కరిగిపోయే పాలిమర్ స్కాఫోల్డ్ చేసి, 2014లో మొదటిసారి ఫీనిక్స్‌లో ఒక మనిషికి అమర్చింది. దెబ్బ తగిలిన కొద్ది రోజుల్లోనే, పూర్తిగా చచ్చుబడినవాళ్లకు. మొదటి ట్రయల్‌లో 19 మందికి అమర్చారు. ఆరు నెలలు దాటి లెక్కకు వచ్చిన 16 మందిలో ఏడుగురికి, దెబ్బ తీవ్రత కొలిచే స్కేలులో, ఒక మెట్టు మెరుగుదల. పేపర్లన్నీ రాశాయి. అయితే ఆ ట్రయల్‌లో పోల్చడానికి స్కాఫోల్డ్ లేని గుంపు లేదు. పూర్తిగా చచ్చుబడ్డారనుకున్నవాళ్లలో కొందరు వాళ్లంతట వాళ్లే ఒక మెట్టు మెరుగుపడతారు. పోల్చే గుంపుతో రెండో ట్రయల్ చేశారు. అది ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2023లో కంపెనీయే చెప్పింది. నేను డీప్ ఫ్రిజ్ స్కాఫోల్డ్ పక్కన పెట్టమని అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

మావయ్యకు ఇదంతా చెప్పాను. ఆయనది పాత దెబ్బ, గుల్ల చుట్టూ మచ్చ గట్టిపడి ఏళ్లయింది. ఇప్పుడు చేస్తున్న చాలా పని కొత్త దెబ్బ మీదే. మధ్యలో ఎవరో ఫలానా ఊళ్లో లక్షలు తీసుకుని "స్టెమ్ సెల్స్‌తో నరాలు పెంచుతారట" అని చెప్పారు. మూడు అడగమన్నాను. సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా? మన దేశంలో క్లినికల్ ట్రయల్ అంటే 2009 జూన్ నుంచి ఆ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. ట్రయల్ అయితే మన దగ్గర డబ్బు ఎందుకు అడుగుతున్నారు? పోల్చే గుంపు ఉందా? మావయ్య ఫోన్లో మూడూ అడిగాడు. మొదటి ప్రశ్నకే అవతల ఫోన్ పెట్టేశారు.

ఆయనిప్పుడు వీల్‌చైర్‌లో కూర్చుని కొబ్బరి కొట్టులో లెక్కలు చూస్తాడు. పిర్రల మీద పుళ్లు పడకుండా అరగంటకోసారి చేతుల మీద లేచి కూర్చుంటాడు, దానికి ఫోన్లో అలారం. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు పనికిరాని బ్యాచ్‌లోంచి ఎండు ముక్క ఒకటి తీసుకెళ్లాను. అరచేతిలో పెట్టుకుని, ఊది చూశాడు. ఎగిరి మంచం కింద పడింది. ఇద్దరం వెతికాం, దొరకలేదు.

"దీనికేనా అన్నేళ్లు?" అన్నాడు.

"పోయిన వాటిలో ఒకటి మావయ్యా."

"సర్లే. మంచిది వచ్చినప్పుడు తే. ఊదను."

ఈ రాత్రి ఇంకో బ్యాచ్ డ్రయర్‌లో ఉంది, 31వ గంట. ఇరవై నాలుగు ముక్కలు, అన్నింటికీ కింది కొనకు గాటు పెట్టాను. డబ్బా మూత మీద తేదీ, కైటోసాన్ బ్యాచ్ నంబరు, పళ్లెం చలి, రాగి వైపు ఏదో రాసి టేపు అంటించాను. మార్కర్‌తో నేరుగా రాస్తే ఇథనాల్ తగిలి చెరిగిపోతుంది.